పూజగది గోడ

చేవెళ్ల
ఉగాది మరునాడు

ఝాన్సీకి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం.

ఎప్పుడు ఫోను చేసినా బావే ఎత్తుతున్నాడని కోప్పడ్డావట. గోపమ్మ వదిన చెప్పింది. ఏం చేయను. వార్డు కౌన్సిలరుగా గెలిచిన నాటి నుండి నా నంబరు వార్డు నంబరయింది. ఫోను మీ బావ చొక్కా జేబులో ఉంటుంది. వీధిలైటు వెలగకున్నా, మోరీ నిండినా అందరూ దానికే చేస్తారు. ఆయనే మాట్లాడతాడు. "మేడం పూజల ఉన్నది" అంటాడు. నేను పూజలో లేనప్పుడు కూడా అదే మాట.

అందుకే కాగితం పట్టాను. వదిన అంగడి నాడు ఇక్కడికి వస్తుంది, మిగతా రోజులు మీ మొయినాబాద్ రోడ్డు మీద కూర్చుంటుంది. ఆమె గంపలో ఒక కవరు బరువు కాదు. "వంకాయలు, టమాటలు, అక్కచెల్లెండ్ల ముచ్చట్లు. మూడోదానికి రేటెంత పెట్టాలె?" అని నవ్వింది.

మొదటి మీటింగు అయింది. ఎజెండా చదివారు. దోమల మందు, ట్రాక్టరు రిపేరు, బోరుకు మోటారు, కుక్కలకు టీకాలు. ఒక్కొక్కటి చదవగానే అందరూ "ఆమోదం" అన్నారు. నేనూ అన్నాను. ఆడవాళ్లమంతా ఒక వరుసలో కూర్చున్నాం. మా మగవాళ్లు బయట వరండాలో చాయ్ తాగుతూ నిలబడ్డారు. లోపల మాలో ఎవరికైనా ప్రశ్న వస్తే, తలలు కిటికీ వైపు తిరుగుతాయి.

నువ్వు అంగడిలో నా తరఫున ఇచ్చిన మాట మరువలేదు. ఆడవాళ్ల మరుగుదొడ్డి సంగతి చివర్లో లేచి అడిగాను. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. అయినా రాసుకున్నారు. జాగా చూస్తామన్నారు.

వదిన పండుగకు చామంతులు తెచ్చింది. పైసలిస్తే తీసుకోలేదు. "ముడిమ్యాల పూలు. నీ తల్లిగారింటి పూలకు నువ్వు పైసలిచ్చుడేంది" అన్నది. దేవునికి పెట్టాను.

అక్క
నీలమ్మ

*

మొయినాబాద్
శుక్రవారం, దుకాణంల కూసోని

అక్కా,

దండాలు. నీ లెక్క పుస్తకం తెలుగు నాకు రాదు. మాట్లాడినట్టే రాస్త, తప్పులు పట్టకు.

మీటింగుల లేచి అడిగినవా? నువ్వు? జాకెట్టు కుట్టేదాన్ని మిషిన్ ఆపి మల్ల సదివిన. అవతల జాకెట్టు ఇచ్చినామె "ఏమైంది, ఎవలన్న పోయిండ్రా" అన్నది. "కాదు, మా అక్క నోరు తెరిచింది" అన్న.

నవ్వులాటకు అంటున్న గని అక్కా, ఓట్లప్పుడు దుకాణం బందువెట్టి నీ వెంట తిరిగిన. అంగడి ఆడోళ్లు బావ మొఖం సూసి ఓట్లెయ్యలే. గాజులమ్మే జెన్నీ యాదున్నదా? "గెలిచినంక మీ అక్క కనవడ్తదా, ఫ్లెక్సీలనే ఉంటదా" అన్నది. నేనేమన్న? "మా అక్క దీపం పెట్టకుండ మంచినీళ్లు ముట్టది. గసుంటి మనిషి మాటిస్తె దేవుని ముంగట ఇచ్చినట్టే" అన్న. గా మాటకు వాళ్లు తలూపిండ్రు. అంటే నీకు జమానతు నేనున్న, నువ్వు మాట తప్పితె నన్నే అడుగుతరు. మర్చిపోకు.

ఇది చిన్న ముచ్చట గాదు. వాళ్లు తెల్లారకముందు ఇంట్లకెల్లి ఎల్లితె, పొద్దూకి ఇల్లు చేరేదాక ఆపుకుంటరు. మొగోళ్లకేం, గోడ కనవడ్తె చాలు. ఇంతకుముందు హోటలోడు రానిచ్చెటోడట, ఇప్పుడు తాళమేసిండు.

జాగ ఏడ సూస్తున్నరో రాయి.

నీ చెల్లె
ఝాన్సీ

*

చేవెళ్ల
శ్రీరామనవమి

ఝాన్సీకి,

దీవెనలు. కల్యాణం బాగా జరిగింది. పందిట్లో నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు, కౌన్సిలరని. ఎప్పుడూ వెనుక స్తంభం పక్కన కూర్చునేదాన్ని. దేవుడు అక్కడి నుండే బాగా కనిపించేవాడు.

అంగడి కూడా ఇవాళే పడింది. పానకం బిందె మోయించుకొని వెళ్లి నేనే పంచాను. వదిన గ్లాసు అందుకొని నాలుక తడుపుకుంది. మిగతాది పక్కామె చేతిలో పెట్టింది. "ఉపవాసమా వదినా?" అన్నాను. "నాకు అంగడి అంగడికి ఉపవాసమే" అన్నది. ఆమెకు ఇంత భక్తి ఉన్నదని నాకు తెలియదు.

మరుగుదొడ్డికి ఇంజినీరు ఒక జాగా చూసి వెళ్లారు. మార్కెట్టుకు ఆనుకొనే ఉన్నది. ఇంకా ఖరారు కాలేదు. అయితే రాస్తాను.

వదిన ఇవాళ తెచ్చిన చామంతులనే సీతమ్మకు దండ కట్టాను. సాయంత్రం దాకా వాడలేదు.

అక్క

*

మొయినాబాద్
బుధవారం

అక్కా,

నీకు దండం పెడ్త. ఉపవాసం గాదు, గాడిదగుడ్డు గాదు. నీళ్లు తాగితె ఎటు పోవాలె? అందుకే తాగది. మొన్న నా దుకాణం ముంగట కర్బూజలు పెట్టింది. అందరికి కోసిస్తది, ఒక్క ముక్క నోట్లె ఏస్కోదు. "తినరాదు వదినా, ఎండ దంచుతున్నది" అంటె, "నీ మిషిన్ కింద జాగున్నదా మరి, కూసుంట" అన్నది. నవ్విన. నవ్వినంక మంచిగనిపియ్యలే.

నాతోని కొట్లాడి మరి నవ్విస్తది ఆమె. నీ ఉత్తరం నాకిచ్చుకుంట "మీ అక్క కౌన్సిలరైనంక అక్షరాలు పెద్దగైనయా" అని అడిగింది. సదువు రాదు గని కవరు మీది రాత చూసి నీదేనని గుర్తువడ్తది.

మార్కెట్టుకు ఆనుకోని అంటున్నవు. మీ ఇంటెనక ఖాళీ సర్కారు జాగనేనా? అదే అయితె ఇంకేం గావాలె. గంప ఇడిచి నాలుగడుగులు పోతె సరిపాయె. మీ పెరటి తలుపు కూడ అటే ఉన్నది, నీళ్ల కనెక్షన్ అల్కగ అయితది. జెన్నీకి ఫోన్ల చెప్పిన. "మీ అక్క ఒట్టి దేవత గాదు, పనికొచ్చే దేవత" అన్నది.

తొందరగ కట్టియ్యి. ఎండలు ఎక్కువైతున్నయి.

ఝాన్సీ

*

చేవెళ్ల
వైశాఖ పౌర్ణమి

ఝాన్సీకి,

దీవెనలు. మరుగుదొడ్డి మంజూరయింది. అంగడి వెనుక కాదు. ఊరి చివర, పాత చెత్తకుప్ప ఉన్న జాగాలో. వెనుక జాగాకు అభ్యంతరాలు వచ్చాయట. మీటింగులో నేను ఏమీ అనలేదు. అందరూ ఆమోదం అన్నారు.

మామిడికాయ తొక్కు పెట్టాను. సీసా వదిన గంపలో పంపుతున్నాను. ఉప్పు ఎక్కువైందేమో చూసి చెప్పు.

ఎండకు తిరగకు.

అక్క

*

మొయినాబాద్
శనివారం

అక్కా,

ఈ ఉత్తరం పోస్టుల ఏస్తున్న. మోసుకొచ్చే మనిషి దవాఖానల ఉన్నది.

నీ కవరు, తొక్కు సీసా నా చేతుల పెట్టి, గోపమ్మ వదిన దుకాణం మెట్ల మీదనే కూలవడ్డది. జొరం, వణుకు, నడుం పట్టుకోని ముడుసుకపోయింది. ఆటోల ఏస్కోని తీస్కపోయిన. మూత్రంల ఇన్‌ఫెక్షనట, కిడ్నీల దాక పాకిందట. డాక్టరమ్మ "నీళ్లు తాగవా అమ్మా" అని అడిగింది. వదిన గోడ దిక్కు మొఖం తిప్పుకున్నది. పెద్ద డాక్టరు సూడాలని చేవెళ్లకు పంపిండ్రు. నువ్వు పోయి సూడు, మీ ఊర్లనే ఉన్నది.

నిన్న అంగడికొచ్చిన, నీకు చెప్పలే. వదిన సామాను అంగడి ఆడోళ్లకు అప్పజెప్పాలె గద. నేను పోయేసరికి అందరు మాటలు బందువెట్టిండ్రు. జెన్నీ గాజులు సదురుకుంట అన్నది, "ఝాన్సక్కా, మీ అక్క దేవునికి మా వాసనొస్తదట గద."

నాకు సమజ్ గాలే. ఆమెనే ఇడమర్చి చెప్పింది. ఆ ఖాళీ జాగకు ఇవతల గోడ మీ పూజగది గోడనట. దానికి ఆనిచ్చి దొడ్డి కడ్తె మైలనట. అందుకే చెత్తకుప్ప కాడికి మార్చిండ్రట. అక్కా, గంత దూరం ఎవలు పోతరు? పోయొచ్చేసరికి గంపల సగం ఉండదు. మనిషి తోడు లేనిదే అటు దిక్కు పగటిపూట గూడ పోలేం.

నేను ఊకోలే. "ఇది మా బావ ఏషాలు, మా అక్క గట్ల అనది" అని కొట్లాడిన. అంగడంత ఇన్నది. ఒక ముసలామె "పోనీ బిడ్డా, నువ్వెందుకు ఏడుస్తవు" అన్నది. ఏడుస్తున్నట్టు అప్పటిదాక నాకే తెల్వదు.

ఇప్పుడు ఒక్కటే అడుగుత. అన్నది బావనా, నువ్వా?

దేవుని ముచ్చట రాయకు. తొక్కు ముచ్చట రాయకు.

ఝాన్సీ

*

చేవెళ్ల
గురువారం

ఝాన్సీకి,

అన్నది నేనే.

నీకు రాయవలసింది ఆ రెండు మాటలే. కాని నువ్వు నా కోసం అంగడి నడుమ నిలబడి ఏడ్చావు. మిగతాది కూడా నీకు తెలియాలి.

ఆ రోజు మధ్యాహ్నం మీ బావకు వడ్డిస్తున్నాను. ఆయన సంతోషంగా ఉన్నాడు. "ఎనక జాగనే ఫైనల్ అయితున్నది. నీ పేరు మీద శిలాఫలకం పెట్టిపిస్త" అన్నాడు. "పూజగది గోడకు ఆనిచ్చి దొడ్డా?" అన్నాను. అంతే. మరో మాట అనలేదు. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి ఫోను తీశాడు.

ఆపమని నేను చెప్పలేదు కదా అని చాలా రోజులు సర్దిచెప్పుకున్నాను. కాని ఆ మాట విని ఆయన ఏం చేస్తాడో నాకు తెలుసు. తెలిసే అన్నాను. నేను తక్కువ మాట్లాడతానని పేరు. ఎక్కువ అవసరం పడలేదు.

మీటింగులో చైర్‌పర్సన్ నన్నే అడిగింది. "మీ వార్డు పని కదమ్మా, జాగా మార్చుడు మీకు ఇష్టమేనా?" అన్నది. అడగడం ఆమె ధర్మం, అడిగింది. నేను కిటికీ వైపు కూడా చూడలేదు. తల దించుకొని లోపల రామనామం అనుకుంటూ కూర్చున్నాను. అది జపం కాదు ఝాన్సీ. దేవుని పేరు అడ్డం పెట్టుకొని నోరు మూసుకున్నాను. నా మౌనాన్ని వాళ్లు సమ్మతి అనుకున్నారు. సమ్మతే.

పానకం సంగతి నువ్వు రాశాక కూడా ఆ మాట అన్నాను. అది తెలియక అన్నది కాదు.

నిన్న దవాఖానకు వెళ్లాను. కొబ్బరిబోండాం పట్టుకొని మంచం పక్కన నిలబడ్డాను. వదిన చూసి, "కౌన్సిలరమ్మ వచ్చింది, జర కుర్సీ ఎయ్యుండ్రి" అని పక్క మంచం వాళ్లకు చెప్పింది. వాళ్లు నిజంగానే లేచారు. నేను కూర్చోలేదు.

"వదినా, ఆ జాగ నా వల్లనే మారింది" అన్నాను.

"తెల్సు."

"ఎప్పటి సంది?"

"మీరు మీటింగుల చాయ్ తాగి బయటికొచ్చేసరికి అంగడంత తెల్సు. వరండాల నిలవడ్డోళ్లకు నోళ్లు లేవా?"

తెలిసి కూడా ఆమె నా ఉత్తరం మోసింది. తొక్కు సీసా మోసింది. ఆ ఉదయం కూడా నా గడపలో చామంతులు పెట్టి వెళ్లింది.

"మరి నాకు పూలెందుకు తెచ్చినవు?" అన్నాను.

"నీకెవలు తెచ్చిండ్రు? దేవునికి తెచ్చిన" అన్నది.

కోపంగా కూడా అనలేదు. ధర చెప్పినట్టు చెప్పింది.

ఇంకా సిగ్గుపడవలసింది ఉన్నది. నేను ఊరుకోక, "వదినా, ఇప్పటి సంది మా ఇంట్ల బాత్రూమే వాడుకో, నువ్వు పరాయిదానివా" అన్నాను. "నేనొక్కదాన్ని సందుల నుంచి దొంగలెక్క వస్త. జెన్నీ ఏడికి పోవాలె? ఇజ్జత్ నాకొక్కదానికే ఉన్నదా?" అన్నది. తరువాత కళ్లు మూసుకుంది. బోండాం కిటికీలో పెట్టి వచ్చేశాను.

ఇంటికి వచ్చి దీపం వెలిగించలేదు. ముట్టుకోబుద్ధి కాలేదు.

నువ్వు నాకు జమానతు ఉన్నావు. నిన్ను తల దించుకునేలా చేశాను. నన్ను తిట్టు.

నీలమ్మ

*

మొయినాబాద్
సోమవారం

అక్కా,

తిడుదామని మస్తు రాసిన. చింపేసిన.

బావ అన్నడని నువ్వు రాసి ఉంటె నేను సంతోషపడేదాన్ని. అబద్ధమని తెల్సినా నమ్మేదాన్ని. నువ్వు రాయలే. అందుకే ఇంకా నిన్ను అక్కా అంటున్న.

గని ఒక ముచ్చట ఇను. దీపం పెట్టకపోతె దేవునికి చీకటైతది, గోపమ్మ వదినకు ఏమొస్తది? నువ్వు నాకు రాసింది నాకు రాసేది గాదు. యాడ నోరు మూసినవో ఆడనే తెరువాలె.

నీకు రాదని అనకు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు బాపు నన్ను బడి మాన్పిచ్చి కలుపుకు పంపుతనంటె, నువ్వు ఇంటి నడుమ నిలవడి "అది బడికి పోతది" అన్నవు. ఒక్క మాటనే. బాపు అంతటి మనిషి గొంగడి బుజానేస్కోని బయటికి పోయిండు. నువ్వు ఒక్క మాట అంటె ఏమైతదో నాకు అప్పటి సంది తెల్సు. మంచికీ తెల్సు, ఇప్పుడు చెడుకూ తెల్సింది.

వదినను ఇంటికి పంపిండ్రు. రెండు నెలలు అంగడికి పోవద్దన్నరు. తొక్కు సీసా మూత తియ్యలే. పని అయినంక తీస్త.

ఝాన్సీ

*

చేవెళ్ల
శ్రావణ మాసం, రెండో శుక్రవారం

ఝాన్సీకి,

అక్క రాయడం.

ఫోను ఇప్పుడు నా దగ్గరే ఉన్నది. ఎందుకు నా దగ్గరికి వచ్చిందో రాస్తాను. అయినా ఇది నోటితో చెప్పలేను. కాగితం మీదే చెప్పగలను.

జూన్ మీటింగు వాయిదా పడింది. ఆ తరువాతి మీటింగులో చెత్తకుప్ప జాగా పనికి పునాది తీసే అంశం ఎజెండాలో ఉన్నది. చదవగానే అందరూ "ఆమోదం" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఒకాయన "మేడం, చాయ్ ఇప్పుడే వస్తది, కూసోండ్రి" అన్నాడు. నవ్వారు.

"ఈ పని జాగ మారింది నా పూజగది కోసం" అన్నాను. "అభ్యంతరం ఊర్లె ఎవ్వరిది గాదు. నాది. మా ఇంట్ల అన్నం కాడ అన్న మాట అది. ఆ మాట తప్పు. ఒకామె దవాఖాన పాలైంది. జాగ మల్ల మా గోడ ఎనకకే మార్చాలె."

నవ్వు ఆగింది. రాసే అతను కలం పట్టుకొని, "మేడం, ఇందుల ఏమని రాయాలె? వాస్తు అని రాయనా?" అని మెల్లగా అడిగాడు. నా పరువు కాపాడుదామనుకున్నాడు. "నేనన్నదే రాయి బాబూ" అన్నాను. రాశాడు. మొదట చెయ్యి ఎత్తింది నా పక్కన కూర్చున్నామె. ఆమె కిటికీ వైపు చూడలేదు. తరువాత అందరూ ఎత్తారు.

బయటికి వచ్చేసరికి మీ బావ లేడు. నేను ఆటోలో వచ్చాను. ఇంట్లో, "ఇంట్ల మాట ఇంట్లనే ఉండాలె. ఈ రామన్న పెండ్లాం దొడ్డి ముచ్చటకు లేచి నిలవడ్డదని ఊరంత నవ్వుతున్నది" అన్నాడు. "నవ్వనియ్యి. నవ్వే పని నేనే చేసిన" అన్నాను. ఫోను తెచ్చి పూజగది గూట్లో పెట్టాడు. "నీ వార్డు నువ్వే సూస్కో" అన్నాడు. అప్పటి నుండి నాతో అన్నం వరకే మాట్లాడుతున్నాడు. అది నాకు దక్కవలసిందే.

పని మొదలయింది. మేస్త్రి వచ్చి, "అమ్మా, మీ గోడకు జర సందిచ్చి కట్టమంటరా?" అని అడిగాడు. వద్దన్నాను. ఆనించే కట్టమన్నాను. ఇటుకలు దించుతుంటే లోపల పటాలు అదురుతున్నాయి. దించలేదు. అదరనీ అనుకున్నాను.

పూర్తయ్యేదాకా అంగడి ఆడవాళ్లు వాడుకోవడానికి పెరటి తలుపు గొళ్లెం తీసేశాను. మా బాత్రూము అటే ఉన్నది. బకెట్లు, సబ్బు పెట్టాను. అంగడిలోకి వెళ్లి ఒక్కొక్కరికీ చెప్పాను. జెన్నీ "సరే మేడం" అన్నది. ఇంతకుముందు అక్కా అనేది.

ఆ రోజు ఎవరూ రాలేదు. తలుపు తీసే ఉన్నది. గాలికి కొట్టుకోకుండా రాయి పెట్టాను. తరువాతి అంగడికీ రాలేదు. నిండిన బకెట్లు నిండినట్టే ఉన్నాయి. సాయంత్రం ఆ నీళ్లు తులసిలో పోయబోయి, చేయి రాక మోరీలో పారబోశాను.

ఇవాళ వదిన వచ్చింది. దవాఖాన నుండి వచ్చాక మొదటి అంగడి. చిక్కిపోయింది. ముందు గడప వైపు రాలేదు. పెరటి తలుపు నుండి వచ్చింది, గంపతో. వెనుక జెన్నీ, మరో ఇద్దరు ఆ ఖాళీ జాగాలోనే ఇసుక కుప్ప పక్కన ఆగారు. లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నారు.

"ఓ నీలమ్మా, ఉన్నవా, పూజలనే ఉన్నవా?" అన్నది.

"ఉన్న వదినా."

గంప దించింది. పూలు ఉన్నాయి, కాని నాకు ఇవ్వలేదు. సగం లేచిన ఇటుక గోడను తట్టి చూసింది. పూజగది వైపు చూసింది. నన్ను చూసింది. నేను తల ఎత్తలేదు.

"చెంబెడు మంచినీళ్లియ్యి" అన్నది.

కుండలో ముంచి ఇచ్చాను. కింద కారిపోయాయి కొన్ని. ఆమె వాకిట్లో నిలబడి, అంగడి ఇంకా మొదలు కాకముందే, చెంబు ఎత్తి తాగింది. గుక్క తిప్పుకొని మళ్లీ తాగింది. జెన్నీ వాళ్లు చూస్తున్నారు. చివరి చుక్క దాకా తాగి, చెంబు నా చేతిలో పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది.

"తాగిన. ఇగ తలుపు మూయకు" అన్నది.

నీలమ్మ